ఇంజన్ మార్చిన పికప్

పెద్ద వరద వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు జరిగిందిది.

అప్పటికి నా పికప్ బండి మా ఇంటి ముందు, అద్దానికి "అమ్మబడును" అనే అట్టముక్క తగిలించుకుని నిలబడి ఉంది. వానకు అట్ట తడిసి ఊడినప్పుడల్లా మా అక్క కొత్తది రాసేది. రాసిన ప్రతిసారీ అక్షరాలు పెద్దవి చేసేది.

వరద రోజున నేను ఆ బండిలోనే ఉన్నాను. మెట్ట దిగాక వాగు మీద చప్టా ఉంది. వంతెన కాదు, వాగుకు అడ్డంగా నేలబారుగా వేసిన సిమెంటు దారి. నీళ్ళు చక్రాల దాకానే ఉన్నాయనుకుని దింపాను. అద్దాల దాకా వచ్చాయి. నేను కిటికీలోంచి బయటపడ్డాను. బండి మర్నాడు బయటికొచ్చింది, క్రేనుకు వేలాడుతూ.

ఇంజన్ నిండా బురద. మా బావ మెకానిక్. తుప్పుపట్టి రాలిపోతున్న ఒక వ్యానులోంచి మంచి ఇంజన్ తీసి దీనికి బిగించాడు. కాగితాల్లో కూడా ఇంజన్ నంబరు మార్పించాడు. బండి బాగుపడింది. నేనే బాగుపడలేదు.

రోడ్డు మీద నీళ్ళు కనిపిస్తే చాలు, నా మోకాళ్ళు వణికేవి. ఎవరైనా బకెట్ బోర్లించినా అంతే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. డ్రైవరు నీళ్ళకు భయపడతాడంటే నవ్వరూ? "విసుగొచ్చింది, అమ్మేస్తా" అన్నాను.

కొనేవాళ్ళు వచ్చేవారు. చుట్టూ తిరిగేవారు. టైర్లను తన్నేవారు. బాగుందనేవారు. అప్పుడు నేను "ఇంజన్ మార్చింది" అనేవాణ్ణి.

వాళ్ళకు వెంటనే ఏదో అర్జెంటు పని గుర్తొచ్చేది.

"ఒరేయ్, పుట్టినప్పట్నుంచీ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నావు. ఈ ఒక్క ముక్క దగ్గర మాత్రం నీకు ఎక్కడలేని మాటలూ వస్తాయేంట్రా?" అని మొత్తుకునేది అక్క.

"అడుగుతారు కదా."

"అడిగినప్పుడు చెప్పు! నీ పేరేంటని అడిగినా ఇంజన్ మార్చిందనే అంటావు!"

"నేను బిగించిన ఇంజన్ని నలుగురిలో అలా పరువు తియ్యకు బామ్మర్దీ" అనేవాడు బావ.

ఒకరోజు పొద్దున సన్నగా వాన పడుతోంది. సైకిల్ మీద ఒకమ్మాయి వచ్చింది. వెనక క్యారియరుకు ఇనప కొక్కెం కట్టి ఉంది. గొడుగు లేదు. తడుస్తున్నానన్న ధ్యాస కూడా లేదు. సైకిల్ స్టాండు వేసి, నా వైపు చూడనైనా చూడకుండా, అరచెయ్యి తీసుకెళ్ళి బానెట్ మీద ఆనించింది.

"వేడిగా ఉంది" అంది.

నేను దగ్గరికి వెళ్ళాను.

"కొనేవాళ్ళు రాకముందే ఇంజన్ వేడి చేసి పెట్టారంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాదన్నమాట. మాకు తెలీదనుకున్నారా?"

ఆమె వస్తుందని నాకు తెలియనే తెలియదు. బండిని రోజూ పొద్దున్నే ఒకసారి స్టార్ట్ చేస్తాను. ఒక్కరోజు మానేస్తే మళ్ళీ లేవదేమోనని భయం. ఆ మాటే చెబుదామని నోరు తెరిచాను. వేరే మాట వచ్చింది.

"ఇంజన్ మార్చింది."

లోపల అక్క తల కొట్టుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

ఆ అమ్మాయికి ఏ పనీ గుర్తు రాలేదు. అక్కడే నిలబడింది.

"ఎందుకు మార్చారు?"

"మునిగింది."

"వరదలోనా?"

తలూపాను.

"అప్పుడు లోపల ఎవరున్నారు?"

"నేను."

"అమ్మో! ఎలా బయటపడ్డారు?"

"కిటికీ."

అప్పుడు చూసింది నా వైపు. టైరును తన్ని చూసేవాళ్ళ చూపు కాదది. వాన చినుకు ఒకటి ఆమె కనురెప్ప మీద ఆగింది. అది రాలేదాకా రెప్ప వెయ్యలేదు.

"మిమ్మల్ని మార్చలేదు కదా?" అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వితే బాగుండదేమోనని దగ్గాను.

"సరే. చల్లారనివ్వండి. చల్లారాక నేనే స్టార్ట్ చేస్తా" అంటూ మా గుమ్మం మెట్టు మీద కూర్చుంది.

"చాలాసేపు పడుతుంది."

"మాది ఐసు ఫ్యాక్టరీ. నీళ్ళు గడ్డ కట్టేదాకా కాచుకుని కూర్చునేవాళ్ళం. ఇనుము చల్లారడం ఒక లెక్కా?"

నేను మెట్టుకు రెండో చివర కూర్చున్నాను. చూరు నుంచి వాన కారుతోంది. ఆమె చెబుతుంటే నేను వింటున్నాను. వాళ్ళ నాన్న ఫ్యాక్టరీలో తడి నేల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పాత బండి పనికి రాకుండా పోయింది. ఐసంతా వాగు అవతలి చేపల మార్కెట్‌కే వెళుతుంది. పొద్దున్నే అందకపోతే చేప పాడు. ఒక్కరోజు అందకపోయినా ఇంకో ఫ్యాక్టరీవాడు వచ్చి వాలిపోతాడు.

"మా నాన్న ఒకటే మాట అన్నాడు. నువ్వు నడుపుతానంటే నడుపు, కానీ ఒక్కరోజు సరుకు దారిలో నీళ్ళైపోయిందా, ఫ్యాక్టరీకి తాళం వేసేస్తా అన్నాడు. నేను బండి నడపడమంటే ఆయనకి భయం. నాకేమో ఆ తాళమంటే భయం." నా వైపు తిరిగింది. "మీకు?"

"ఏంటి?"

"మీకు దేనికి భయం?"

మెట్టు కింద వాన నీళ్ళు కాలవ కట్టి పారుతున్నాయి. నేను కాళ్ళు పైకి లాక్కున్నాను.

"అక్కకి" అన్నాను.

ఆమె నవ్వింది. తరవాత లేచి, మళ్ళీ బానెట్ మీద చెయ్యి వేసింది. చల్లారింది. ఎక్కి తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే ఇంజన్ లేచింది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"ఒక సంగతి. ఇంజన్ పెద్దది. రేడియేటర్ పాతది. మెట్ట ఎక్కేటప్పుడు వేడెక్కుతుంది. ముల్లు ఎర్ర గీత దగ్గరికొస్తే ఆపెయ్యండి. హారన్ కొంచెం గట్టిగా నొక్కాలి. ఎడమ తలుపు లాగి వెయ్యాలి."

"బండి అమ్ముతున్నారా, పిల్లని అత్తారింటికి పంపుతున్నారా?"

బేరం అక్క చూసుకుంది. మధ్యాహ్నానికల్లా బండి వెళ్ళిపోయింది. ఇంటి ముందు నూనె మరక మిగిలింది. దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

సాయంత్రం అన్నాల దగ్గర బావ అడిగాడు. "మొత్తానికి ఎవరు కొన్నారు?"

"ఐసు ఫ్యాక్టరీవాళ్ళు."

బావ ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. "చెప్పావా?"

"చెప్పా. ఇంజన్ మార్చిందని."

"అది లోకమంతా చెప్పావులే! ఐసు నీళ్ళ సంగతి చెప్పావా అంటున్నా. మరుగుతున్న ఇంజన్లో చల్లటి నీళ్ళు పోస్తే పైనున్న హెడ్డు పగిలి ఇంజనే పోతుంది. నువ్వు మోసింది ఇటుకలు కాబట్టి నీకా గొడవ లేదు. వాళ్ళకి వెనకాల ఐసు, కాళ్ళ కింద ఐసు కరిగిన నీళ్ళు. బండి పొగ చిమ్మిందంటే ఎవడి చెయ్యైనా ముందు అటే పోతుంది."

"అన్నం తిననివ్వండి వాణ్ణి" అంది అక్క.

తినలేకపోయాను. కళ్ళు మూస్తే చాలు, మెట్ట మీద పొగ చిమ్ముతున్న బండి, ఐసు గడ్డ పట్టుకుని దాని దగ్గరికి వెళుతున్న ఒక చెయ్యి.

తెల్లారీ తెల్లారకముందే ఐసు ఫ్యాక్టరీకి నడిచాను. లోపలికి అడుగు పెట్టగానే ముక్కు మండించే గ్యాసు వాసన. నేలంతా తడి. ఉప్పునీళ్ళ తొట్టిలోంచి రేకు డబ్బాలు పైకి తీసి, వాటి మీద నీళ్ళు గుమ్మరిస్తుంటే, దిమ్మలు సర్రున జారి నేల మీదికి వస్తున్నాయి. పిండికట్టు వేసిన కాలును స్టూలు మీద చాపుకుని, కుర్చీలో పెద్దాయన ఉన్నాడు. చేతిలో కర్ర.

"ఎవరబ్బాయ్?"

"బండి అమ్మినవాణ్ణండి."

"అమ్మేశాక మర్నాడే మా గుమ్మంలో ఏం పని?"

అంతలో ఆ అమ్మాయి కొక్కెంతో దిమ్మను లాక్కుంటూ వచ్చింది. "ఏంటి ఇంజన్‌గారూ, బండి మీద బెంగ పెట్టుకున్నారా?"

ఆయన ఎదుట హెడ్డు పగులుతుందని అంటే, ఆ క్షణమే బండి వెనక్కి వస్తుంది. ఆమె బండి నడపడం అంతటితో ఆగిపోతుంది.

"నూనె చూద్దామని" అన్నాను.

బయటికొచ్చి, బానెట్ ఎత్తి, నూనె పుల్ల తుడుస్తూ గబగబా చెప్పాను. "వేడిగా ఉన్నప్పుడు ఐసు నీళ్ళు పోయొద్దు. మామూలు నీళ్ళే. అవి కూడా కాసేపు ఆగాకే. లేకపోతే హెడ్డు పగిలిపోతుంది."

"ఇది చెప్పడానికే పొద్దున్నే ఇంత దూరం నడిచొచ్చారా?"

"సైకిల్ లేదు."

"సరే, గుర్తుంచుకుంటా. నాన్నకి మాత్రం చెప్పకండి. వింటే ఈ బండి ఎక్కనివ్వడు." పెదవి కొరుక్కుంది. "చెప్పేశారుగా. ఇంక రేపు రానక్కర్లేదు."

మర్నాడూ వెళ్ళాను.

"ఇవాళేంటి?"

"ఫ్యాను బెల్టు."

ఆ మర్నాడు టైర్లలో గాలి. తరవాత బ్యాటరీ.

"రేపు హారన్ చూస్తారా?"

"అది సరిగ్గానే ఉంది."

"అయ్యో పాపం! మరి రేపు దేనికొస్తారు?" అని నవ్వుతూ బండెక్కేది.

బండి కదలగానే నేను అడ్డదారిన మెట్ట ఎక్కి, రోడ్డు పక్క రాయి మీద కూర్చునేవాణ్ణి. ఇంజన్ చప్పుడు కింద నుంచి మూలుగుతూ వచ్చేది. బండి మెట్ట ఎక్కి, నా ముందునుంచి వెళుతూ ఒక హారన్ కొట్టి, అటు దిగి, చప్టా దాటి మార్కెట్‌లోకి వెళ్ళేదాకా చూసేవాణ్ణి. కిందికి మాత్రం ఎప్పుడూ దిగలేదు.

నాలో రెండు భయాలు పెరిగాయి. బండి ఎక్కడైనా ఆగిపోతుందేమోనని ఒకటి. ఎక్కడా ఆగకుండా చక్కగా నడిస్తే, ఆ ఫ్యాక్టరీకి వెళ్ళడానికి నాకు ఏ కారణమూ మిగలదేమోనని ఇంకొకటి. రెండోదే పెద్దది.

ఒకరోజు పొద్దున ఆమె బండి దగ్గర నాకోసమే ఎదురుచూస్తోంది. ముఖంలో నవ్వు లేదు.

"నాన్నకి మీ మీద అనుమానం వచ్చింది. అమ్మినవాడు రోజూ వచ్చి చూస్తున్నాడంటే ఏదో లోపం దాచాడు అంటున్నాడు. రేపు తనూ బండిలో వస్తాడట. కళ్ళారా చూస్తాడట."

సరుకుకు తోడు ఆయన బరువు. పైగా ఆకాశమంతా మబ్బు.

"మీరు రేపు ఇక్కడికి రాకండి."

"రాను."

"మెట్ట మీదికి కూడా రారా?"

నేను మబ్బు వైపు చూశాను.

"అక్కడికి రండి" అంది మెల్లగా.

మర్నాడు ముసురు పట్టింది. మెట్ట మీద రోడ్డు రిపేరు చేసేవాళ్ళు పని ఆపి టార్పాలిన్ కింద కూర్చున్నారు. నేనూ వాళ్ళ పక్కన కూర్చున్నాను. కింద చప్టా మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాగు పారడం లేదు, కింద ఎక్కడో అడ్డుపడి ఎగదన్ని నిలిచింది. ఎర్రటి నీళ్ళు. అటు చూడకుండా వీపు తిప్పుకుని కూర్చున్నాను.

బండి చప్పుడు వచ్చింది. మెట్ట సగం ఎక్కాక చప్పుడులో ముక్కు బిగుసుకున్నట్టు ఏదో తేడా. చిటారుకు కాస్త దూరంలో ఉండగా బానెట్ అంచుల నుంచి తెల్లటి ఆవిరి లేచింది. బండి ఆగింది.

నేను చెప్పినట్టే చేసింది ఆమె. ఆపి, చక్రాల వెనక రాయి పెట్టి, ఖాళీ డబ్బా పట్టుకుని మా వైపు పరిగెత్తుకొచ్చింది.

"నీళ్ళు! మామూలు నీళ్ళు!"

రిపేరువాళ్ళ పీపాలో డబ్బా ముంచుతూ వెనక్కి చూశాను. పెద్దాయన బండి దిగాడు. కర్ర మీద కుంటుతూ వెనక్కి వెళ్ళాడు. దిమ్మల కింద కారే నీళ్ళు పట్టే బకెట్ అందుకున్నాడు. గోనెసంచి చేతికి చుట్టుకున్నాడు. బానెట్ ఎత్తాడు.

"నాన్నా! వద్దు!"

"పొయ్యకండీ!"

వానలో ఆయనకు మా అరుపులు వినిపించాయి గాని మాటలు వినపడలేదు. నేను చూసుకుంటాలే అన్నట్టు చెయ్యి ఊపి, రేడియేటర్ మూత తిప్పి, బకెట్ వంచాడు. ఒంట్లో వేడి చేసినా, దెబ్బ తగిలినా, పన్ను సలిపినా, దేనికైనా ఐసే మందుగా బతికిన మనిషి. ఇంకేం చేస్తాడు?

టప్పుమంది.

ఆవిరి ఆగిపోయింది.

"చూశారా? ఎలా చల్లబడిందో!" అన్నాడు పెద్దాయన, మేం దగ్గరికి రాగానే.

ఆమె ఎక్కి తాళం తిప్పింది. ఇంజన్ ఒక్కసారి గరగరమని ఊరుకుంది. హెడ్డు పక్కనుంచి నీళ్ళు ఊటలా కారుతున్నాయి. అందులో నూనె కలిసి ఉంది. నేను బానెట్ దించేశాను.

"ఏమైంది?" అన్నాడాయన. ఇద్దరి ముఖాలూ చూశాడు. గొంతు తగ్గింది. "నేను పోసినందుకేనా?"

ఆమె తాళం మీంచి చెయ్యి తీసింది.

"ఒక్క ముక్క నాతో చెప్పొచ్చుగా ఎవరైనా!"

"చెప్తే బండి తిప్పి పంపించేస్తావని భయపడ్డాను నాన్నా" అంది ఆమె.

గోనెల కింద నుంచి నీళ్ళు ధార కట్టాయి. ప్రతి చుక్కా ఆమె వంచిన తల మీద పడుతున్నట్టే ఉంది నాకు. ఇంకో బండి పిలిపించేలోపు గోనెలే మిగులుతాయి. వాగు అవతల మార్కెట్ రేకుల కప్పు కనిపిస్తూనే ఉంది.

నేను మెట్ట చిటారు వైపు చూశాను. ఎంతో దూరం లేదు.

"తోద్దాం" అన్నాను.

"ఎక్కడికి?"

"పైదాకా. అక్కడ్నుంచి దిగుడే. ఇంజన్ అక్కర్లేదు."

ఆమె తల ఎత్తింది. "దిగుడు సరే. కింద చప్టా? ఇంజన్ లేకపోతే బ్రేకు సరిగ్గా పడదు. స్టీరింగ్ తిరగదు. నా వల్ల కాదు." నా కళ్ళలోకి చూసింది.

"నేను పడతా స్టీరింగ్." ఆ మాట నా నోరే అంది. నేను అనలేదు.

రిపేరువాళ్ళు వచ్చారు. తోసినంత తోసి, చక్రం వెనక రాయి వేసి, మళ్ళీ తోసి, బండిని చిటారుకు ఎక్కించారు. పెద్దాయన మళ్ళీ ఎక్కి కూర్చుని, దిగనన్నాడు. "సరుకెక్కడుంటే నేనక్కడే" అన్నాడు. కిటికీ పక్కన ఆయన, మధ్యలో ఆమె, స్టీరింగ్ దగ్గర నేను.

రాయి తీశారు. బండి కదిలింది.

ఇంజన్ చప్పుడు లేకుండా దిగుతున్న బండి ఎంత భయంగా ఉంటుందో కూర్చున్నవాడికే తెలుస్తుంది. టైర్ల చప్పుడు, వాన చప్పుడు, నా పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు. వేగం పెరిగింది. మలుపు తిరిగాం. ఎదురుగా చప్టా. దారి నీళ్ళలోకి వెళ్ళి మాయమైపోతోంది.

నా కాలు బ్రేకు మీద బిగుసుకుంది.

"ఆపకండి! ఊపు పోతే దాటలేం!"

"నా వల్ల కాదు. నాకు నీళ్ళంటే భయం. అందుకే బండి అమ్మేశాను."

"తెలుసు. రోజూ మెట్ట మీదే కూర్చుంటారు. ఒక్కరోజైనా కిందికి దిగారా?" భుజం పట్టుకుంది. "మాట్లాడండి. నోరు ఆడుతుంటే భయం తెలీదు."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి! నీళ్ళొచ్చేస్తున్నాయి!"

బ్రేకు వదిలేశాను. దాంతోపాటు నోరు కూడా.

"నూనె చూడ్డానికి రాలేదు. బెల్టుకీ రాలేదు. టైర్లలో గాలి సరిగ్గానే ఉంది. నిన్ను చూడ్డానికే వచ్చాను. రోజూ నీకోసమే వచ్చాను. బండి ఆగిపోతుందని భయం. ఆగకపోతే నువ్వు కనపడవని భయం. నాకు నువ్వంటే ఇష్టం. నీళ్ళకన్నా నీకే ఎక్కువ భయం నాకు, నువ్వు కాదంటావేమోనని..."

"అబ్బాయ్, నేనిక్కడే ఉన్నాను" అన్నాడు పెద్దాయన.

"తెలుసండి. ఆపలేకపోతున్నాను."

"బ్రేకా, మాటలా?"

"రెండూనండి!"

నీళ్ళను కొట్టాం. ఎర్రటి గోడ ఒకటి అద్దం మీదికి లేచి పడింది. బండి దూసుకెళ్ళింది, తగ్గింది, ఇంకా తగ్గింది. చప్టా సగం దాటి, అవతలి ఒడ్డు అంత దగ్గరగా కనిపిస్తుండగా, ఆగిపోయింది.

తలుపు కింద నుంచి నీళ్ళు లోపలికొచ్చి నా పాదాలను తాకాయి. నా చేతులు స్టీరింగ్‌ను వదలడం లేదు. వేళ్ళు విప్పుదామన్నా రాలేదు. మళ్ళీ అదే చోటు, అదే బండి.

నా చేతి మీద ఆమె చెయ్యి పడింది. ఐసు మోసే చెయ్యి, చల్లగా ఉంది.

"ఇంజన్ ఎలాగూ చచ్చింది. ఇంక మునిగితే మాత్రం ఏం? దిగండి." ఒక్కొక్క వేలే విప్పింది. "కిటికీలోంచి కాదు, తలుపులోంచి."

దిగాను. నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. కాళ్ళ కింద సిమెంటు గట్టిగా ఉంది. పారడం లేదు. లాగడం లేదు. వణుకుతూనే నిలబడ్డాను. నిలబడగలిగాను.

అవతలి ఒడ్డు మీద మార్కెట్ మొత్తం పోగైంది. ముందు చేపలమ్మే పెద్దమ్మ, నడుం మీద చేతులు పెట్టుకుని.

"ఏమే ఐసమ్మాయ్, ఇవాళ పడవలో తెచ్చావా?"

"నువ్వే చూస్తున్నావుగా పెద్దమ్మా!"

"బాగానే ఉంది గాని, అక్కడ్నుంచి మొయ్యడం ఎవడి తరం?"

ఆ అమ్మాయి బండి వెనక తలుపు దించింది. మొదటి దిమ్మకు కొక్కెం వేసి, సర్రున నీళ్ళలోకి లాగింది. దిమ్మ ఒక్క మునక వేసి పైకి తేలింది.

"మొయ్యక్కర్లేదు. తొయ్యండి చాలు!"

పెద్దమ్మ నోరు తెరిచింది. తరవాత చీర ఎగ్గట్టుకుని నీళ్ళలోకి దిగింది. ఆమె వెనక అందరూ దిగారు. వరసగా నిలబడి, ఒకరి నుంచి ఒకరికి దిమ్మలను తోశారు. తెల్లగా, ఈతకు దిగిన దూడల్లా వెళ్ళాయవి. నేను బండి మీద నిలబడి గోనెలు తీసి దిమ్మలు జార్చాను. పెద్దాయన కాలి కట్టు తడుస్తున్నా పట్టించుకోకుండా, బండిని పట్టుకుని నీళ్ళలో నిలబడి, "అటు కాదు, ఇటు! మూల విరుగుతుంది, మెల్లగా!" అని అరుస్తున్నాడు. జారిపడ్డాక ఆయన్ని అంత సంతోషంగా చూడలేదని ఆమె తరవాత చెప్పింది.

చివరి దిమ్మ కూడా ఒడ్డెక్కింది.

"కాస్త నాజూకయ్యాయి. అయినా వచ్చాయి. అది చాలు" అంది పెద్దమ్మ, దిమ్మను తట్టి.

పెద్దాయన ఒడ్డు మీద చేపల పెట్టె ఒకటి బోర్లించుకుని కూర్చున్నాడు. కూతురు ఆయన ముందు నిలబడింది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

"సరుకు దారిలో నీళ్ళైపోతే తాళం వేస్తానన్నాను" అన్నాడు. "నీళ్ళలో పడి వచ్చింది గాని నీళ్ళు కాలేదు. తాళం వెయ్యను."

ఆమె అటు తిరిగి తడి చేత్తో తడి ముఖం తుడుచుకుంది.

ఆయన నా వైపు తిరిగాడు. "అబ్బాయ్, నువ్వమ్మిన బండిలో దోషం లేదు. హెడ్డు పగలగొట్టింది నేను. మళ్ళీ ఇంజన్ మార్చాలా?"

"మా బావ చూడాలండి."

"చూపించు. ఇంకోమాట. రేపట్నుంచి నూనె అనీ గాలి అనీ వంక పెట్టుకుని మా ఇంటికి రాకు."

నా మెడ కిందికి వాలిపోయింది.

"వంక లేకుండా రా. లోపలికొచ్చి కూర్చో."

ఆయన కర్ర ఊతంగా లేచి, దిమ్మలు సరిగ్గా పేర్చారో లేదో చూడ్డానికి మార్కెట్‌లోకి వెళ్ళాడు. వెళ్ళాడో, వెళ్ళినట్టు నటించాడో నాకు తెలియదు.

ఆమె నా దగ్గరికొచ్చింది.

"బండిలో ఏదో అన్నావు" అంది. అంతవరకూ మీరు అని పిలిచిన మనిషి. "నాన్న శ్రద్ధగా విన్నాడు. నేను చప్టా అంచు చూస్తున్నాను. మళ్ళీ చెప్పు."

నేను నోరు తెరిచాను. ఒక్క మాటా రాలేదు.

"ఒడ్డు మీద రాదా?"

అడ్డంగా తలూపాను.

"అయితే పద." నా మణికట్టు పట్టుకుని మళ్ళీ నీళ్ళలోకి లాక్కెళ్ళింది. మోకాలి దాకా వచ్చాక ఆగింది. వాన సన్నబడింది. చెప్పేశాను. ఈసారి ఆమె నీళ్ళను చూడలేదు.

"నేను మెట్ట ఎక్కిన ప్రతిరోజూ భయపడుతూనే ఎక్కాను" అంది. "ఇంజన్ గురించి కాదు. పైకొచ్చేసరికి ఆ రాయి మీద నువ్వు లేకపోతే ఎలాగా అని."

"ఐసమ్మాయ్, అక్కడే కాపురం పెట్టేస్తారా ఏంటి?" అని ఒడ్డు మీద నుంచి పెద్దమ్మ కేక పెట్టింది. మార్కెట్ అంతా నవ్వింది.

ఇంటికెళ్ళి అక్కకు చెప్పాను. అంత పొడుగు సంగతి ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు. అంతా విని, "ఒరేయ్, అమ్మేసిన బండికి ఇంత చాకిరీ చేసినవాణ్ణి నిన్నే చూశాన్రా" అంది. బావ నవ్వలేదు. గొలుసు ఎక్కడుందో వెతకడానికి లేచాడు.

మర్నాడు పొద్దున గొలుసు తీసుకుని, బావ వ్యానులో మెట్ట దిగి వెళ్ళాం. పికప్ ఇంకా చప్టా మీదే ఉంది. నీళ్ళు ఏమీ తగ్గలేదు. గొలుసు అందాలంటే వ్యాను నీళ్ళలోకి దిగాల్సిందే. ఆ రోజు సరుకును అద్దె బండిలో తెచ్చి, నీళ్ళలో తేలుస్తూ అవతలికి పంపించేసి, ఆమె నీళ్ళ అంచున నిలబడి ఉంది. బావ వ్యాను ఆపి, "ఇక్కడ్నుంచి నేను చూసుకుంటా, నువ్వు దిగు బామ్మర్దీ" అన్నాడు. ఆయన్నే దిగమన్నాను. స్టీరింగ్ దగ్గరికి జరిగాను. ఆమె వచ్చి పక్కన కూర్చుని తలుపు వేసుకుంది. మోకాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. మొదటి గేరు వేసి, క్లచ్ వదిలాను.